గడియారం వెనక నల్ల అంచు కవరు

కిందటి వారం నేను మాట ఆపేసరికి, ముఖం మీద నల్ల ముసుగు దించుకున్న ఒక మనిషి మా కామ్‌డెన్ టౌన్ ఇంటి గంట తాడు లాగుతోంది. తలుపు తీయడానికి నేను వంటింట్లోంచి వస్తున్నాను. ఆ నాలుగడుగులకీ వారం పట్టిందా అని మీరు వెక్కిరించినా పడతాను, నావి మోకాళ్ళ నొప్పులు.

ఈ కథ ఇవాళే చేతికి తీసుకున్నవాళ్ళుంటే నాలుగు మాటలు చెబుతాను. నా పేరు టాబిత క్రౌచ్. మొగుడు పోయాక ఇంట్లో గదులు అద్దెకిచ్చుకుని బతుకుతున్నాను. పై అంతస్తులో, రోజంతా ఒకేలా వెలుతురు వచ్చే పెద్ద కిటికీ ఉన్న గదిలో, హెస్టర్ వెబ్లీ ఉంటుంది. బొమ్మలు వేస్తుంది. పెళ్ళి లేదు, చుట్టాలు లేరు. ఉన్నదల్లా డోర్కస్ అనే ఒక స్నేహితురాలు. ఇద్దరూ ఒకే బళ్ళో బొమ్మలు నేర్చుకున్నారు. తర్వాత డోర్కస్ జెన్కిన్ ట్రెగియర్ అనే పడవలాయన్ని చేసుకుని కార్న్‌వాల్‌లో పోర్ట్ హెలిన్ అనే చేపల ఊరికి వెళ్ళిపోయింది. అక్కడ వాళ్ళకి టామ్సిన్ అని ఒక కూతురు పుట్టింది. అప్పటినుంచీ వాళ్ళ స్నేహమంతా ఉత్తరాల్లోనే నడిచింది.

ఆ ఉత్తరాల్లో వాళ్ళకొక ఆట ఉండేది. కాయితం పైభాగంలో ఒకామె సగం బొమ్మ గీసి పంపుతుంది. రెండో ఆమె మిగతా సగం గీసి తిప్పి పంపాలి. బొమ్మ లేని ఉత్తరం ఇటునుంచి పోలేదు, అటునుంచి రాలేదు. ఒకసారి డోర్కస్ ఖాళీ చేపలబుట్ట గీసి పంపితే, ఈ మహాతల్లి అందులో నన్ను కూర్చోబెట్టి పంపింది, నా ఆదివారం టోపీతో సహా. నేనేమీ అనుకోలేదు. రెండు రోజులు మాట్లాడలేదు, అంతే.

చలికాలం మొదట్లో డోర్కస్ రుమాలు మీద నెత్తురు కనపడిందని రాసింది. డాక్టరు వచ్చి ఏమీ చెప్పకుండా వెళ్ళాడని రాసింది. ఆ తర్వాత ఉత్తరం లేదు. ఫిబ్రవరిలో ఒక పొద్దున పోర్ట్ హెలిన్ ముద్రతో నల్ల అంచు కవరు వచ్చింది. అంచు చాలా వెడల్పు. చిరునామా రాసిన చేతిరాత డోర్కస్‌ది కాదు. చావు కబురు కవరు అలాగే ఉంటుంది, ఎవరైనా గుర్తుపడతారు. హెస్టర్ దాన్ని విప్పలేదు. "ఇందులో ఏముందో నాకు తెలుసు, మిసెస్ క్రౌచ్" అని తన గదిలో గడియారం వెనక పెట్టేసింది. మర్నాడు తన గోధుమరంగు గౌను పట్టుకొచ్చి, బట్టలు ఉడకబెట్టే నా రాగి కాగులో నల్లరంగు కలిపి ఉడకేసింది. ఆ రంగు ఇప్పటికీ వదల్లేదు. నా దుప్పట్లన్నీ బూడిదరంగుకి తిరిగాయి.

ఏడవలేదు. నాకు భయమేసింది అందుకే. పొద్దున్నే లేచి, జడ వేసుకుని, పెట్టింది తిని, రోజంతా ఒక పెద్ద బొమ్మ ముందు నిలబడేది. నేను పైకి తీసుకెళ్ళిన టీ చల్లారిపోయి కిందికి వచ్చేది. పలకరిస్తే జవాబు చెప్పేది, కానీ ఆ జవాబు పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉండేది. నెల దాటింది. నాక్కూడా అలవాటైపోయింది. మొద్దుబారిన మనిషితో ఒకే కప్పు కింద ఉంటే మనమూ కొంత మొద్దుబారతాం.

ఇదీ సంగతి. ఇప్పుడు తలుపు తీస్తున్నాను.

"హెస్టర్ వెబ్లీ అనే ఆవిడ ఉండేది ఇక్కడేనా?" అంది వచ్చినామె, ముసుగు ఎత్తకుండానే.

"ఇక్కడే. తమరెవరు?"

"లవ్‌డే ట్రెగియర్‌ని. డోర్కస్ ఆడపడుచుని. పోర్ట్ హెలిన్ నుంచి వచ్చాను. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో ఒకసారి చూసి పోదామని."

ఆ గొంతులో దుఃఖం కన్నా కోపం ఎక్కువుంది. చంకలో ఒక కాయితాల కట్ట, నల్ల రిబ్బనుతో కట్టి ఉంది. చూడగానే నాకు అర్థమైంది. పోయినవాళ్ళ దగ్గరున్న ఉత్తరాలు రాసినవాళ్ళకి తిరిగిచ్చేయడం మర్యాద. పాపం, అంత దూరం నుంచి స్వయంగా మోసుకొచ్చింది, కోపం ఉంటే ఉండనీ అనుకున్నాను. మెట్లెక్కుతూ రెండు ఓదార్పు మాటలు కూడా అన్నాను. ఆమె అక్కర్లేదన్నట్టు తల ఊపింది.

పైన హెస్టర్ మెట్ల వైపు వీపు పెట్టి కుంచెలు తుడుచుకుంటోంది. డోర్కస్ ఆడపడుచు వచ్చిందని గుమ్మంలోంచే చెప్పాను. ఏటేటా జరిగే వసంత ప్రదర్శనకి బొమ్మలు పంపడానికి ఆ రోజే ఆఖరు. బండివాళ్ళు సాయంత్రానికి వస్తామన్నారు. బొమ్మ పూర్తయింది, గది మధ్యలో తలుపుకి ఎదురుగా నిలబెట్టి ఉంది.

ఆ బొమ్మ గురించి మీకింకా చెప్పలేదు. తెల్లటి పక్క మీద డోర్కస్ పడుకుని ఉంటుంది, ప్రాణం పోయాక. కిటికీలోంచి సముద్రపు వెలుగు ముఖం మీద పడుతుంటుంది. పాత ఉత్తరాల్లో డోర్కస్ తన ముఖాన్ని తానే వెక్కిరిస్తూ గీసుకున్న బొమ్మలన్నీ గోడకి గుచ్చి, వాటిలోంచి వెక్కిరింత తీసేసి, మిగిలిన ముఖం వేసింది హెస్టర్. తను వేసిన వాటిలో అంత మంచి బొమ్మ లేదు. నేను దాని వైపు చూడకుండా ఊడ్చుకుని వెళ్ళిపోయేదాన్ని.

లవ్‌డే ముసుగు ఎత్తింది. బొమ్మ చూసింది. గుమ్మం పట్టుకుంది.

"ఎప్పుడు?" అంది. గొంతు పూర్తిగా మారిపోయింది. "నేను బయల్దేరాకనా? తంతి వచ్చిందా మీకు?"

హెస్టర్ ఇటు తిరిగింది. "తంతి ఏమిటండీ? మీరు రాసిందే కదా. నెల దాటింది."

"ఏం నెల? ఎవరికి నెల?"

"డోర్కస్ పోయి."

"మా వదిన మొన్న పొద్దున నాకు టీ కాచి ఇచ్చింది" అంది లవ్‌డే. "దగ్గుతూనే ఇచ్చింది, వద్దన్నా వినదు. పోయింది మా అన్నయ్య. జెన్కిన్."

నేను బొగ్గుల డబ్బా మీద కూర్చుండిపోయాను. మూత ఉందో లేదో కూడా చూసుకోలేదు.

హెస్టర్ చేతిలో కుంచె ఉంది. దాన్ని ఇంకా తుడుస్తూనే ఉంది. సంతోషమో, భయమో, కనీసం ఆశ్చర్యమో ముఖంలో కనపడుతుందని చూశాను. ఏమీ లేదు.

"కూర్చోండి" అంది లవ్‌డేతో. "టీ తాగుతారా?"

"టీయా?" లవ్‌డేకి కోపం మళ్ళీ ఎక్కింది. "బతికున్న మనిషిని పడుకోబెట్టి, కళ్ళు మూసి, దుప్పటి కప్పి, పైగా నన్ను టీ తాగమంటున్నావా? ఆవిడ రోజూ కిటికీలో కూర్చుని పోస్టువాడి కోసం చూసింది. వాడు పాపం మా వీధి తప్పించుకుని తిరగడం మొదలెట్టాడు, మొఖం చూపించలేక. ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదు. దీనికి మాత్రం బాగా వచ్చింది."

"చచ్చిపోయిందనుకున్నాను" అంది హెస్టర్.

"చచ్చిపోయిందనుకుంటే మా అన్నయ్యకైనా ఓదార్పు రాయరూ? మీ లండన్‌లో అదీ లేదా?"

హెస్టర్ బల్ల సొరుగు లాగింది. నల్ల అంచు కాయితాలు తీసి లవ్‌డే చేతిలో పెట్టింది. ప్రతిదాని మీదా "ప్రియమైన జెన్కిన్ గారికి" అని ఉంది. కింద ఏమీ లేదు. లవ్‌డే ఒకటి చూసింది, ఇంకొకటి చూసింది, తర్వాత వాటిని దొంతర చేసి నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. పోయిన అన్న పేరు కనపడకుండా పైదాన్ని బోర్లా తిప్పింది.

"కవరు మీద చిరునామా రాసింది నేనే" అంది కాసేపటికి. "ఇంట్లో చావు జరిగితే భార్యకి ఆ పని పెట్టం కదా. కవర్లన్నీ నేనే రాశాను. లోపల ఉత్తరం మాత్రం ఆవిడ రాసుకుంది, నాకు చూపించలేదు. అంటే మీరు అసలు…"

"విప్పలేదు."

"విప్పలేదా?"

"విప్పితే నిజమవుతుంది కదా అనుకున్నాను" అంది హెస్టర్, గంట ఎంతయిందో చెబుతున్నట్టు.

లవ్‌డే నా వైపు చూసింది. ఈవిడకి మతి ఉందా అని అడుగుతున్న చూపు. నేనేం చెప్పను? ఆ కవరు చుట్టూ నేనూ రోజూ దుమ్ము దులిపాను. తప్పుకుని దులిపాను. చావు కబురంటే నాకూ భయమే. పైగా పోతుందని అందరం అనుకున్నది డోర్కస్. జెన్కిన్ గుర్రంలాంటి మనిషి. అతను పోతాడని ఎవరూ కలలో కూడా అనుకోలేదు.

"మరి ఇవి?" అంది హెస్టర్, నల్ల రిబ్బను కట్ట వైపు చూపిస్తూ. "నా ఉత్తరాలు తిరిగి తెచ్చారు. మనిషి పోతేనే కదా తెచ్చి ఇస్తారు."

"స్నేహం తెగినప్పుడు కూడా ఇస్తారు" అంది లవ్‌డే. "వీటిని హెస్టర్‌కి ఇచ్చెయ్యి, ఏమీ అనకు, అంది మా వదిన. ఏమీ అనకూడదనే వచ్చాను. నా నోరు ఊరుకోలేదు."

హెస్టర్ గడియారం దగ్గరికి వెళ్ళింది. కవరు తీసింది. రంగులు కలిపే కత్తితో అంచు కోసింది. లోపలి కాయితం విప్పి చాలాసేపు చూసి, నాకు ఇచ్చింది. "మీరు చదవండి. నాకు అక్షరాలు ఆనడం లేదు."

కాయితం పైభాగంలో బొమ్మ ఉంది. ఒక చిన్న పిల్ల, బూట్లు పెద్దవి, టోపీ వంకర. ఒక చేతిలో మూట. రెండో చెయ్యి పైకెత్తి పట్టుకుని ఉంది, ఎవరో పెద్దవాళ్ళ చెయ్యి అందుకోడానికి. ఆ పక్కన కాయితం ఖాళీ. కింద ఉన్నది గట్టిగా చదివాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"ఏమే హెస్టర్, ముందు నేను పోతానని కదా మనం అనుకున్నాం. జెన్కిన్ ముందు వెళ్ళాడు. పడవ వచ్చింది, ఆయన రాలేదు. తర్వాత దొరికాడు. నాకేమీ అనిపించడం లేదే. చలికాలం సముద్రపు నీళ్ళలో చేపలు కడిగాక వేళ్ళు ఉన్నాయో లేదో చూసుకోవాల్సి వస్తుంది చూడు, అలా ఉంది ఒళ్ళంతా.

"డాక్టరు ఎండాకాలం ఊసు ఎత్తడం లేదు. నేను ఎత్తితే కిటికీలోంచి పడవలు చూస్తాడు. లవ్‌డే మంచిదే, కానీ తనకి ఉండే దిక్కే లేదు, తనే మా పంచన ఉంటోంది. టామ్సిన్‌ని నువ్వు తీసుకుంటావా? ఇంకెవర్నీ అడగలేదు. పైన బొమ్మ చూడు. నీ వంతు గీసి పంపితే సరేనన్నట్టు. పంపకపోతే కుదరదన్నట్టు. కుదరదని రాసే బాధ నీకు పెట్టను. నీకు అబద్ధం రాయడం చేతకాదు, నిజం రాయడం అంతకన్నా చేతకాదు. నీ గది చిన్నదనీ, మీ ఇంటి ముసలమ్మకి పిల్లలంటే గిట్టదనీ నాకు తెలుసు. నీ మీద కోపం పెట్టుకోను. డోర్కస్."

ముసలమ్మ అంటే నేనే. మా కిటికీలో గదులు ఖాళీ అని పెట్టే కార్డు మీద "పిల్లలున్నవారికి ఇవ్వబడదు" అని ఉంటుంది, నా చేత్తోనే రాశాను. దాని గురించి కార్న్‌వాల్ దాకా కబురు పోయిందని నాకు తెలియదు. సిగ్గేసింది.

"టామ్సిన్ ఎక్కడుంది?" అంది హెస్టర్.

లవ్‌డే నేలవైపు చూస్తూ చేతిగుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"ఉత్తరాల కట్ట ఇవ్వడానికి లండన్ దాకా ఎవరొస్తారండీ?" అంది చివరికి. "అది పోస్టులో వేస్తే పోయేది. పిల్లని అప్పజెప్పడానికి వచ్చాను. కెనడా వెళ్తున్నారు మొగుడూ పెళ్ళాం, రొట్టెలు కాల్చుకునే వాళ్ళు, పిల్లల్లేరు. మా ఊరి పాదిరిగారు కుదిర్చారు. ఇవాళ పొద్దున రేవు దగ్గర వాళ్ళ బసలో వదిలిపెట్టి వచ్చాను. రేపు పొద్దున నీటిపోటుకి ఓడ కదులుతుంది."

"ఏడ్చిందా?"

"లేదు. వాళ్ళమ్మా ఏడవలేదు. టోపీ సరిగ్గా కట్టి పంపించి, లోపలికెళ్ళి పళ్ళేలు కడుక్కుంది. పిల్ల మాత్రం రైల్లో ఒక్కసారి అడిగింది, హెస్టర్ అత్త వద్దందా అని. అవునన్నాను. ఇంకేం చెప్పను? వద్దన్నారనే కదా అందరం అనుకున్నాం."

అప్పుడు చూశాను హెస్టర్ ముఖం. నెల రోజులుగా మూసిపెట్టిన తలుపు సందులోంచి ఎవరో చూసినట్టు, ఒక్క క్షణం. మళ్ళీ మూసుకుంది. బల్ల దగ్గర కూర్చుని పెన్సిలు తీసింది.

"ఇప్పుడు బొమ్మేంటమ్మాయ్?" అన్నాను. "ముందు బండి మాట్లాడాలి. రేవు ఈ మూలనుందా?"

"బొమ్మ పూర్తయితేనే సరేనన్నట్టు. చదివారుగా. వాళ్ళు పిల్లని ఊరికే ఇవ్వరు, ఏదో ఒకటి చూపించాలి."

అని కాయితం దగ్గరికి లాక్కుంది. పెన్సిలు ఆన్చింది. గీత రాలేదు. చచ్చిన డోర్కస్ కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే వేసిన చెయ్యి అది, వేస్తున్నంతకాలం ఒక్కసారి కూడా తొణకలేదు. ఇప్పుడు వణుకుతోంది. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుంది. పెద్దమనిషిని పూర్తిగా గీయలేకపోయింది. పిల్ల చేతిని పట్టుకున్న ఒక చెయ్యి, మణికట్టు, నల్ల గౌను అంచు, అంతే గీయగలిగింది. గీత వంకరగా పోయింది. చెరపలేదు.

తర్వాత నా వైపు చూసింది. ఏమీ అడగలేదు. అడిగే హక్కు లేదనుకుందో ఏమో.

"ఆ కార్డు పాతబడింది" అన్నాను. "ఎలాగూ తీసేద్దామనుకుంటున్నా. పిల్ల రాత్రిళ్ళు మెట్ల మీద గంతులేస్తే మాత్రం ఊరుకోను."

"మిసెస్ క్రౌచ్" అంది.

లవ్‌డే అప్పటికే ముసుగు దించుకుని గుమ్మంలో ఉంది. "బస నాకు తెలుసు. చేపల అంగడి పక్క సందు. వాళ్ళు మంచివాళ్ళేనండీ, ఆ మాటా చెప్పాలి. ఆవిడ పిల్లకి అప్పుడే కొత్త బూట్లు కొంది. పిల్లని ఇవ్వమంటే ఏడుస్తుంది."

"ఏడవనీండి" అంది హెస్టర్, కాయితం మడిచి గౌను లోపల పెట్టుకుంటూ.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి అడిగాను, బొమ్మ కోసం బండివాళ్ళు వస్తే ఏం చెప్పమంటావని. ఏడాదంతా ఆ ప్రదర్శన కోసమే బతికింది. అందులో ఒక్క బొమ్మ నిలబడితే ఆమెకి ఇక బొమ్మలు కొనేవాళ్ళని వెతుక్కోవాల్సిన పని ఉండదు, అది నాకు తెలుసు. ఆమె ఆగి పైకి చూసింది.

"గోడకి తిప్పేయండి" అంది.

వెళ్ళిపోయారు. హెస్టర్ టోపీ మర్చిపోయింది. మా వీధిలో పెళ్ళికాని ఆడది టోపీ లేకుండా పరిగెత్తడం ఎదురింటి వాళ్ళకి వారం రోజుల కాలక్షేపం.

దీపాలు వెలిగించే వేళకి బండివాళ్ళు వచ్చారు, ఇద్దరు. నేను బొమ్మ తిప్పడం మర్చిపోయాను. గుమ్మంలోనే టోపీలు తీసేసి నిలబడ్డారు.

"పాపం, ఎవరమ్మా?" అన్నాడు పెద్దవాడు. "మీవాళ్ళా?"

"బతికే ఉంది" అన్నాను.

"ఏంటమ్మా?"

"బతికే ఉందంటున్నా. ఈ బొమ్మ ఎక్కడికీ రాదు. వెళ్ళండి."

వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని దిగి వెళ్ళారు. నేను బొమ్మని గోడకి తిప్పాను. బరువుగా ఉంది, రంగు ఇంకా కొంచెం పచ్చిగానే ఉంది, చేతులకి అంటింది. కింద పొయ్యి రాజేసి, పిల్ల వస్తే తినడానికని బార్లీ గంజి పెట్టాను. వస్తుందో రాదో తెలియదు. పొయ్యి ముందు కూర్చున్నాను. నాకూ ఏమీ అనిపించలేదు. అనిపించాల్సినవి చాలా ఉండి ఒక్కటీ ముందుకు రాకపోతే అలాగే ఉంటుంది కాబోలు.

ఆ రోజు ఆఖరి టపా వచ్చింది. తలుపు సందులోంచి ఒకే ఒక్క కవరు నేల మీద పడింది.

నల్ల అంచు. పోర్ట్ హెలిన్ ముద్ర. పేరు హెస్టర్‌ది.

నల్ల అంచుకి ఇంక భయపడక్కర్లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఇంట్లో జెన్కిన్ పోయాడు, వాళ్ళు ఏడాదంతా ఆ కాయితాలే వాడతారు. పాలవాడికి రాసినా నల్ల అంచే. దీపం దగ్గర పెట్టి రాత చూశాను. డోర్కస్ రాత నేను నిద్రలోనైనా గుర్తుపడతాను, అది కాదు. లవ్‌డే రాత గడియారం వెనక నెల రోజులు చూశాను, అదీ కాదు. పైగా లవ్‌డే ఇక్కడే ఉంది.

ఒకళ్ళ ఉత్తరం ఇంకొకళ్ళు విప్పడం దొంగతనంతో సమానమని మా అమ్మ చెవి మెలేసి నేర్పింది. ఇన్నేళ్ళలో ఆ పని చేయలేదు. పైగది గడియారం వెనక నెల రోజులు విప్పకుండా ఉన్న కవరు గుర్తొచ్చింది. తర్వాత రంగు అంటిన చేతులు గుడ్డకి తుడుచుకుని కవరు చింపాను.

డోర్కస్ రాసిందైతే బొమ్మ ఉండాలి కదా అని, మడత విప్పి ముందు కాయితం పైభాగం చూశాను. అక్కడ బొమ్మ లేదు.